మాటల చుట్టరికాలు

ఉన్నత పాఠశాలలో తెలుగున చదివి, కళాశాలలో విజ్ఞానశాస్త్రాలను ఇంగ్లీషులో చదువబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యే చిక్కు శాస్త్రం కాదు, మాటలు. జంతుశాస్త్రంలో ఒక అధ్యాయం, రసాయనశాస్త్రంలో ఒక అధ్యాయం తిరగవేసేసరికి నోరు తిరగని మాటలు పాతిక ముప్పయి పోగవుతాయి. ఒక్కొక్కదానిని విడివిడిగా వల్లెవేస్తే అవి పరీక్షదాకా నిలుస్తాయి. ఆ పైన నిలువవు. తెలివైన పిల్లలు కొందరు తమకు శాస్త్రం అబ్బదని నిశ్చయించుకొని వెనుదిరిగేది ఈ మెట్టు దగ్గరనే. నిజానికి వారికి అబ్బనిది శాస్త్రం కాదు. వందల కొద్దీ మాటలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా మోయవలసి రావటమే వారి ఇబ్బంది.

మాటలు ఒంటరివి కావు. మనుషులకు వలెనే వాటికి ఇంటిపేర్లున్నవి, తోబుట్టువులున్నవి, దూరపు చుట్టాలున్నవి. ఒక కుటుంబంలో ఒకదానిని గుర్తుపడితే మిగిలినవాటిని పోల్చుకోవటం సులభం. ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఇంగ్లీషు శాస్త్రపదాలకు చుట్టాలైన మాటలు అనేకం తెలుగు పిల్లవాడు రోజూ ఆడే మాటలలోనే ఉన్నవి. ఏ మాటకు ఆ చుట్టరికం ఉన్నది, ఏ మాటకు లేదు అని తేల్చే విద్యకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో మచిలీపట్నానికి చోటున్నది.

ఒక గాలికి నాలుగు పేర్లు

కృష్ణా డెల్టావాసులు మరువలేని ఒక ఉదాహరణతో ప్రారంభిద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం గోడవలె లేచి వచ్చినది. పదివేలకు పైబడి ప్రాణాలు పోయినవి. అంతకు నూటపదమూడేళ్ళ ముందు, 1864 నవంబరు 1న, మచిలీపట్నాన్ని ఇటువంటి ఉప్పెనే ముంచినది. అప్పుడు మరణించినవారు సుమారు ముప్పయివేలని లెక్క.

ఇటువంటి ఉపద్రవాన్ని తెచ్చే గాలికి మన నోట పేర్లు అనేకం. పల్లెలో గాలివాన అంటారు. వార్తలలో తుఫాను అని వింటాము. పాఠ్యపుస్తకం చక్రవాతం అంటుంది. ఇంగ్లీషు పుస్తకం సైక్లోన్ అంటుంది. ఈ నాలుగూ నాలుగు దారుల వెంట మనకు చేరిన మాటలు.

గాలివాన అచ్చతెలుగు. వాన అనే మాటకు తమిళంలో ఆకాశమనే అర్థం గల వానం అనే మాట సోదరి. తుఫాను అరబ్బీ, పారశీక భాషల ద్వారా మనకు వచ్చినది. చక్రవాతం సంస్కృతం. ఇక సైక్లోన్ అనే మాటకు పుట్టిన ఊరు, పుట్టిన ఏడు కూడ తెలుసును. ఓడలలో పనిచేసి తరువాత కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆంగ్లేయుడు 1848లో ప్రచురించిన నావికుల పుస్తకంలో ఈ మాటను ప్రతిపాదించాడు. బంగాళాఖాతంలో గాలివానకు చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను ఆయన ఏళ్ళ తరబడి సేకరించి పోల్చాడు. తూర్పు తీరంలోని కోరంగిని ముంచిన ఉప్పెనల వృత్తాంతాలు కూడ ఆయన వ్రాతలలో ఉన్నవి. ఒకే గాలివానలో ఒక ఓడకు తూర్పుగాలి, మరొక ఓడకు పడమటిగాలి తగిలినది. అనగా గాలి తిన్నగా వీచటం లేదు; ఒక కేంద్రం చుట్టూ తిరుగుతున్నది. ఈ తిరుగుడును సూచించే పేరు కావలెనని పిడ్డింగ్టన్ గ్రీకు భాషను ఆశ్రయించాడు. గ్రీకులో కుక్లోస్ అంటే చక్రం. పాము చుట్టకు కూడ ఆ కుటుంబపు మాటే ఉన్నది.

ఇక్కడ ఆగి చూడండి. గ్రీకు కుక్లోస్, సంస్కృత చక్ర, ఇంగ్లీషు వీల్ ఈ మూడూ ఒకే పూర్వపదం నుండి చీలి వచ్చిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. చక్రవాతంలోని రెండవ భాగమైన వాతానికి ఇంగ్లీషు విండ్, లాటిన్ వెంటస్ చుట్టాలు. గదికి గాలి వచ్చేందుకు పెట్టే వెంటిలేటరు ఆ లాటిన్ మాట సంతానమే. చక్రం తెలిసిన పిల్లవాడు సైకిలు, బైసికిలు, ట్రైసికిలు, యాంటీసైక్లోన్, పరమాణు కణాలను వలయాకారంలో తిప్పి వేగం పెంచే సైక్లోట్రాన్, సకల విద్యల వలయమనే భావంతో పుట్టిన ఎన్‌సైక్లోపీడియా ఇన్ని మాటలకూ ఒక్క తాళంచెవి సంపాదించినట్లే.

కాని గాలివాన అనే మాటతో ఈ పని జరుగదు. దానికి యూరపులో చుట్టాలు లేరు. ఎందుకు లేరు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే తెలుగు మాటలను ముందు జాతుల వారీగా వేరుచేయాలి. ఆ పని చక్కగా చేసి చూపిన పుస్తకాలలో ఒకటి బందరులో పుట్టినది.

బందరు నిఘంటువు

19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మచిలీపట్నంలో మామిడి వెంకయ్యగారనే వైశ్య పండితులు ఉండేవారు. ఆయన ఆంధ్రదీపిక అనే తెలుగు నిఘంటువును కూర్చారు. అంతకు పూర్వపు మన నిఘంటువులు చాలవరకు పద్యాలలో ఉండేవి. కంఠస్థం చేసినవానికే అవి ఉపయోగం. వెంకయ్యగారు మాటలను అకారాది క్రమంలో అమర్చారు. ఎవరైనా వెతికి చూచుకొనే వీలు కలిగినది.

ఆ నిఘంటువు పీఠికలో తెలుగు మాటల జాతులను ఆయన క్లుప్తంగా వివరించారు. సంస్కృతంనుండి దాదాపు మార్పు లేకుండ వచ్చినవి తత్సమాలు: పాదం, దంతం, అగ్ని, సముద్రం. సంస్కృతంనుండి గాని ప్రాకృతంనుండి గాని రూపం మారి వచ్చినవి తద్భవాలు: అగ్ని నుండి అగ్గి, సముద్రం నుండి సంద్రం, యాత్ర నుండి జాతర. దివిసీమ అంచున ఉన్న ఘంటసాలలో దొరికిన బౌద్ధ శాసనాలు ప్రాకృత భాషలోనే ఉన్నవి. ఆ భాష ఈ నేలమీద ఎంత కాలంగా వినబడినదో దీనినిబట్టి ఊహించవచ్చును. ఈ రెంటికీ చెందక తెలుగు నేలలోనే వేళ్ళున్నవి దేశ్యాలు: కన్ను, చెవి, కాలు, నీరు, గాలి, వాన. ఇతర భాషలనుండి వచ్చినవి అన్యదేశ్యాలు. తుఫాను ఒకటి, కలం ఒకటి. రేవు అనే అర్థం గల పారశీక పదంనుండి వచ్చిన బందరు అనే ఊరి పేరు కూడ ఒకటి. ఇవిగాక పామరుల వాడుకలోని మాటలకు గ్రామ్యమని పేరు.

ఈ విభజన వెంకయ్యగారు కొత్తగా కల్పించినది కాదు. మన వ్యాకరణకర్తలు అంతకు ముందునుండే చెప్పుచున్నదే. దానిని స్పష్టంగా, క్రమంగా ఒక చోట పెట్టటం వారి ఘనత. ఆ స్పష్టతయే మద్రాసులో ఒక పెద్ద వాదానికి ఆధారమైనది.

అప్పటికి మూడు దశాబ్దాల ముందు, 1786 ఫిబ్రవరి 2న, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ ఒక ఉపన్యాసం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల ధాతువులలోను వ్యాకరణంలోను కనబడే పోలిక యాదృచ్ఛికం కాజాలదని, ఈ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒక పూర్వభాష నుండి పుట్టి ఉండవలెనని ఆయన అన్నాడు. పాఠకులు గమనించవలసినది, సంస్కృతం గ్రీకుకు తల్లి అని ఆయన అనలేదు, తోబుట్టువు అన్నాడు. తరువాతి పరిశోధన ఆ మాటనే బలపరచినది.

మరి తెలుగు సంగతి? తెలుగులో సంస్కృతపదాలు విస్తారంగా ఉండటం చూచి, తెలుగు కూడ సంస్కృతంనుండి పుట్టినదేనని అప్పటి యూరపియన్ పండితులు పలువురు తలచారు. మద్రాసు కలెక్టరైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దీనిని అంగీకరించలేదు. 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల స్థాపనకు ముఖ్యకారకుడు ఈయనే. 1816లో ఎ. డి. క్యాంబెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన తన వ్యాసంలో ఎల్లిస్ తన వాదాన్ని వివరించాడు. అందుకు ఆయన ఆధారం చేసుకొన్నవాటిలో వెంకయ్యగారి పీఠిక ముఖ్యమైనది. ఆంధ్రదీపికను మెచ్చుకొని, పీఠికా సారాన్ని ఇంగ్లీషులోనికి అనువదించి చేర్చాడు.

ఆయన తర్కం నూర్పిడి కళ్ళంలో తూర్పారబట్టటం వంటిది. తత్సమ తద్భవాలను పక్కకు తీసివేయండి. మిగిలిన దేశ్యాలను, ముఖ్యంగా క్రియాధాతువులను, సంస్కృత ధాతువులతో పోల్చండి, కలియవు. అవే ధాతువులను తమిళ కన్నడాలతో పోల్చండి, కలుస్తాయి. మనకు తెలిసిన మాటలతోనే ఈ పరీక్ష చేసి చూడవచ్చును. తెలుగు కన్ను, తమిళం కణ్, కన్నడం కణ్ణు. తెలుగు చెవి, తమిళం చెవి, కన్నడం కివి. తెలుగు కాలు, తమిళం కాల్, కన్నడం కాలు. సంస్కృతంలో వీటికి అక్షి, కర్ణ, పాద అని వేరే మాటలు. కాబట్టి తెలుగు దక్షిణాది భాషల కుటుంబంలోనిది. సంస్కృతంనుండి కావలసినన్ని మాటలు తెచ్చుకొన్నది గాని సంస్కృతానికి బిడ్డ కాదు. ఎల్లిస్ 1819లో మరణించాడు. ఆయన వ్యాసం మరుగున పడినది. నలుబది ఏండ్లకు, 1856లో, బిషప్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రచురించిన తరువాతనే ఈ సంగతి లోకమంతా ఎరిగినది.

ఈ చరిత్రలో మన విద్యార్థికి పనికివచ్చే ఫలితం ఇది. తెలుగు మాట్లాడేవాని ఇంట రెండు కొట్లు ఉన్నవి. ఒక కొట్టులో దేశ్యాలు. వాటి చుట్టాలు తమిళ కన్నడాదులలో ఉన్నవి. రెండవ కొట్టులో తత్సమ తద్భవాలు. వాటి చుట్టాలు గ్రీకు, లాటిన్, ఇంగ్లీషులలో ఉన్నవి. యూరపు శాస్త్రజ్ఞులు తమ పరిభాషను చాలవరకు గ్రీకు లాటిన్‌లనుండే తయారుచేశారు. అందుచేత రెండవ కొట్టు తాళంచెవి దొరికితే ఇంగ్లీషు శాస్త్రపదాలలో ఒక పెద్ద భాగానికి దారి దొరుకుతుంది. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల తెరచిన నాటినుండి డెల్టాలో ఇంగ్లీషు చదువు సాగుతున్నది. కాని ఈ చుట్టరికం సంగతి పండితుల గ్రంథాలలో నిలిచినంతగా బడిపిల్లల చేతికి అందలేదు.

ధ్వనుల లెక్క

చుట్టరికం ఉన్నదని చెప్పటానికి మాటలు ఒకే విధంగా వినబడటం చాలదు. ధ్వనులు ఒక లెక్క ప్రకారం మారాలి. డెన్మార్కు పండితుడు రాస్క్ 1818లోను, జర్మను పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లోను ఈ లెక్కను వివరించారు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడే ఈ గ్రిమ్. ఆ లెక్కలో మనకు కావలసినంత మాత్రం ఇక్కడ చెప్పుకొందాం.

సంస్కృత, గ్రీకు, లాటిన్‌లలో ప ఉన్నచోట సొంత ఇంగ్లీషు మాటలలో ఫ ఉంటుంది. ద ఉన్నచోట ట ఉంటుంది. త ఉన్నచోట థ వంటి ధ్వని ఉంటుంది. ఇప్పుడు పాదం అనే మాట తీసుకోండి. ప మారి ఫ, ద మారి ట, ఫుట్ వచ్చినది. లాటిన్ రూపం పెడ్, గ్రీకు రూపం పోడ్. దంతం తీసుకోండి. ద మారి ట, త మారి థ, టూత్ వచ్చినది. లాటిన్ రూపం డెంట్. అంకెలు కూడ ఇదే సాక్ష్యం చెప్తాయి. ద్వి టూ అయినది, దశ టెన్ అయినది, త్రి త్రీ అయినది.

మరొక వరుస చూడండి. సంస్కృతంలో జ ఉన్న కొన్ని చోట్ల గ్రీకు లాటిన్‌లలో గ, ఇంగ్లీషులో క కనబడుతుంది. జానువు అంటే మోకాలు. లాటిన్‌లో గెను, ఇంగ్లీషులో నీ. ఇంగ్లీషు మాటకు ముందు పలుకకుండ నిలిచి ఉన్న కె అక్షరం ఆ పాత క ధ్వని గుర్తే. తెలుసుకొనుట అనే అర్థంలో సంస్కృత ధాతువు జ్ఞా, ఇంగ్లీషులో నో. దానికి ముందు కూడ పలుకని కె ఉన్నది. గ్రీకు రూపం గ్నో. డయాగ్నోసిస్ అంటే రోగాన్ని తెలుసుకొనటం. ఈ పలుకని అక్షరంతో విసిగిపోయే విద్యార్థికి అది జ్ఞానం అనే మాటకు బంధువని చెప్పి చూడండి, మరల మరచిపోడు.

శాస్త్రంలోని కుటుంబాలు

ఇప్పుడు ప్రయోగశాలలోనికి పోదాం. ఉదజని బాంబు అనే మాట అందరూ విన్నదే. హైడ్రోజన్ వాయువుకు మన పాత పాఠ్యపుస్తకాలలో ఉదజని అని పేరు. 1787లో లవోయిజే, ఆయన సహచరులు రసాయన నామాలను సంస్కరించినప్పుడు, మండినప్పుడు నీటిని పుట్టించే వాయువు కనుక గ్రీకు మాటలతో దీనికి హైడ్రోజన్ అనే అర్థం గల పేరు పెట్టారు. తెలుగు పరిభాషకర్తలు ఆ అర్థాన్నే తీసుకొని ఉద, జని అన్నారు. వారు చేసినది అనువాదం. కాని గ్రీకు హైడ్రో, సంస్కృత ఉద స్వయానా చుట్టాలు. గ్రీకు జెన్, సంస్కృత జన్ కూడ చుట్టాలే. అనువాదంలో ముక్కకు ముక్క తోబుట్టువే దొరకటం అరుదైన విశేషం. ఇంగ్లీషు వాటర్ కూడ ఈ కుటుంబంలోనిదే. సముద్రం అనే మాటలో ఉన్నది కూడ ఈ నీరే. నాగాయలంక దగ్గర జాలరి సంద్రం అన్నప్పుడు ఆ తద్భవం లోపల హైడ్రోజన్‌కు ఒక చుట్టం దాగి ఉన్నది.

జన్ కుటుంబం చాల పెద్దది. జీన్, జెనెటిక్స్, జెనరేటర్, జీనస్ వీటన్నిటిలో పుట్టుక అనే భావమే. జన్మ, జననం, జాతి, ప్రజ మనకు తెలిసినవే. ఆ తెలిసినవాటి ప్రక్కన వీటిని కూర్చోబెట్టటమే చేయవలసిన పని.

గుడివాడ, కైకలూరు వైపు చెరువులలో రొయ్యలు పెంచేవారికి ఆర్థ్రోపోడా అనే మాట దూరమైనది కానక్కరలేదు. ఆర్థ్రో అంటే కీలు, పోడ్ అంటే పాదం. కీళ్ళున్న కాళ్ళ జంతువులు. మన పరిభాషలో సంధిపాదులు. రొయ్య, పీత, సాలీడు, ఈగ అన్నీ ఈ వర్గమే. జెర్రికి సంస్కృతంలో శతపాది అని పేరు, ఇంగ్లీషులో సెంటిపీడ్. సెంటి, శత చుట్టాలు. పీడ్, పాద చుట్టాలు. ఐతే పేరు చూచి కాళ్ళు నూరని వ్రాయరాదు. జెర్రికి కాళ్ళ జతలు బేసి సంఖ్యలో ఉంటాయి కనుక సరిగ్గా యాభై జతలు ఉండటం కుదరదు. రోకలిబండను మిల్లిపీడ్ అంటారు. వేయి పాదాలది అని అర్థం. నిజంగా వేయికి మించి కాళ్ళున్న రోకలిబండ జాతి మొదటిసారిగా ఆస్ట్రేలియాలో దొరికినట్లు 2021లో ప్రకటించారు. ఒక దానికి 1,306 కాళ్ళు లెక్కించారు. అంతవరకు ఆ పేరు అతిశయోక్తియే.

కాడి దేశ్యపదం. దానికి సంస్కృతంలో యుగం అని పేరు. ఇంగ్లీషు యోక్, గ్రీకు జుగోన్ దాని తోబుట్టువులు. రెండు బీజకణాలు కలిసినప్పుడు ఏర్పడే జైగోట్ ఆ గ్రీకు మాటనుండి వచ్చినది. కాడికి కట్టినట్లు జతపడినది అని భావం. తెలుగులో సంయుక్తబీజం అంటున్నాము. సంయుక్తంలోని యుజ్ ధాతువు కూడ ఆ కుటుంబమే. ఆకాశాన్ని నభస్సు అంటాము. పూర్వం దానికి మంచు, మబ్బు అనే అర్థాలున్నవి. లాటిన్‌లో నెబ్యులా అంటే మంచుతెర. నక్షత్రాల మధ్య మబ్బువలె కనబడే నెబ్యులా, ఉబ్బసం రోగికి మందును మంచువలె చేసి ఇచ్చే నెబ్యులైజర్ ఒకే ఇంటివి. అగ్ని, అగ్గిపెట్టె తెలిసినవానికి లాటిన్ ఇగ్నిస్‌నుండి వచ్చిన ఇగ్నిషన్ కొత్తది కాదు.

పోలిక చూచి మోసపోరాదు

ఈ విద్యలో పెద్ద ప్రమాదం తొందరపాటు. వాయుపీడనాన్ని కొలిచే బారోమీటరును తెలుగులో భారమితి అంటారు. బారో, భారం ఒకటేనని ఎవరికైనా తోస్తుంది. మితి, మీటరు రెంటినీ కొలుచుట అనే అర్థంగల ఒకే ధాతువుకు చేర్చటం పరిపాటి. కాని బారో భారానికి చుట్టం కాదు. సంస్కృతంలో భ ఉన్నచోట మాట మొదట గ్రీకులో ఫ, లాటిన్‌లో ఫ, ఇంగ్లీషులో బ రావాలి. భ్రాత ఇంగ్లీషులో బ్రదర్, లాటిన్‌లో ఫ్రాటర్. భారం మోయుట అనే ధాతువునుండి వచ్చినది. దాని చుట్టాలు మోయుట అనే అర్థం గల ఇంగ్లీషు బేర్, వెలుగును మోసేది అనే అర్థం గల ఫాస్ఫరస్‌లోని చివరి భాగం. మరి బారోకు చుట్టమెవరు? బరువైనది అనే అర్థంలో సంస్కృత గురు. లాటిన్ గ్రావిస్ దాని తోబుట్టువు. కనుక గురుత్వం, గ్రావిటీ, బారోమీటరు, ఐసోబార్, బేరియం ఒక కుటుంబం. వినటానికి ఒకటిగా ఉన్నవి పరాయివి. వినటానికి వేరుగా ఉన్నవి అక్కచెల్లెండ్రు. చెవి కంటె లెక్క నమ్మదగినదని దీనివలన తెలుస్తుంది.

రెండవ ప్రమాదం ఊరిమీది అభిమానం. ఇంగ్లీషు మజ్లిన్ అనే సన్నని బట్ట పేరు మచిలీపట్నంనుండి వచ్చినదని చెప్పుకొనటం ఉన్నది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం ఈ తీరాన్ని మసాలియా అని పేర్కొని ఇక్కడ నూలు బట్టలు విరివిగా తయారవుతాయని చెప్పిన మాట నిజమే. బట్ట ఉన్నది, పేరులో పోలిక ఉన్నది. కాని మాట నడిచిన దారి వేరు. ఇరాకులోని మోసుల్ నగరం పేరునుండి ఇటాలియను, ఫ్రెంచి భాషల ద్వారా అది ఇంగ్లీషుకు చేరినదని నిఘంటుకారులు చూపారు. బందరు బట్టల కీర్తికి ఈ అరువు పేరు అవసరం లేదు.

చుట్టరికం వేరు, అరువు వేరు. పెడనలో అచ్చుదిమ్మెలతో బట్టలమీద వేసే కలంకారీ పేరులోని కలం చూడండి. రెల్లు అనే అర్థం గల గ్రీకు కలామోస్ అరబ్బీలోనికి పోయి, పారశీకం మీదుగా మనకు వచ్చినది. ఇది అరువు. ఆ గ్రీకు మాటకు లాటిన్‌లో కుల్మస్ అనే తోబుట్టువు ఉన్నది. వరి, గోధుమ వంటి గడ్డిజాతి మొక్కల కాండాన్ని వృక్షశాస్త్రంలో కల్మ్ అనేది దానినుండే. ఇది చుట్టరికం.

మూడవ ప్రమాదం ధాత్వర్థాన్నే సత్యమనుకోవటం. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉంటుందని నమ్మి లవోయిజే ఆ పేరు పెట్టాడు. మన పుస్తకాలు దానిని ఆమ్లజని అని నమ్మకంగా అనువదించినవి. కాని హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేదు. అందులో ఉన్న క్లోరిన్ ఒక మూలకమని హంఫ్రీ డేవీ 1810లో చూపాడు. పేరు నిలిచినది, నమ్మకం పోయినది. మాట పుట్టుక పూర్వులు ఏమనుకొన్నారో చెప్తుంది. వస్తువు ఎట్లున్నదో ప్రయోగమే చెప్పాలి.

దేశ్యపదాల సంగతి

ఇంతవరకు చదివి, దేశ్యాలవలన శాస్త్రానికి ప్రయోజనం లేదని ఎవరూ అనుకోరాదు. గుడివాడ పొలాలలో వరిగట్లను తొలిచే పందికొక్కును రైతులందరూ ఎరుగుదురు. పంది, కొక్కు రెండూ దేశ్యాలే. ఆ మాట ఇంగ్లీషులో బ్యాండికూట్ అయినది. 1873లో జాన్ గ్రే అనే జంతుశాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల ప్రజాతికి బ్యాండికోటా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆస్ట్రేలియాలోని ఒక తెగ సంచిజంతువులను కూడ బ్యాండికూట్‌లనే అంటారు. ఏ దేశపు జంతుశాస్త్ర పుస్తకం తెరచినా ఆ పేరులో తెలుగు రైతు మాట ఉన్నది. దేశ్యాలు యూరపు భాషలకు చుట్టాలు కాకపోయినా, ఈ విధంగా అతిథులై పోగలవు.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ పద్ధతిని వేరే పాఠంగా చెప్పనక్కరలేదు. కొత్త ఇంగ్లీషు శాస్త్రపదం వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలును. ఈ మాటను ఎక్కడ విరవవచ్చును? ఆ ముక్కలకు తెలుగులో మనమాడే తత్సమం గాని తద్భవం గాని చుట్టం ఉన్నదా? ఆ చుట్టరికం ధ్వనుల లెక్కకు నిలుస్తున్నదా, నిఘంటువు ఒప్పుకొంటున్నదా? ఈ ముక్క ఉన్న ఇతర మాటలు ఏవి? నోటు పుస్తకంలో ఒక్కొక్క ధాతువుకు ఒక పుట కేటాయించి, ఏడాది పొడుగునా ఎదురైన మాటలను ఆ పుటలో చేర్చుతూ పోవాలి. పాదానికి ఒక పుట, జన్‌కు ఒక పుట, ఉదకానికి ఒక పుట. ఏడాది ముగిసేసరికి నలుబది యాభై పుటలు నిండితే, ఆ విద్యార్థి చేతిలో కొన్ని వందల మాటలు ఉన్నట్లే. అవి వల్లెవేసినవి కావు, పరిచయం చేసుకొన్నవి.

చుట్టం దొరకని మాటలు కూడ తరచు ఎదురవుతాయి. వాటిని బలవంతాన కలుపరాదు. దొరకలేదని వ్రాసి వదలివేయాలి. సందేహాన్ని సందేహంగా వ్రాసిపెట్టటం కూడ శాస్త్రశిక్షణలో భాగమే. ఇంగ్లీషు మాట వస్తే తలదించుకొనే పిల్లవాడు, ఆ మాటలో తన ఇంటి మాటను పోల్చుకొన్న రోజున తల ఎత్తి చదువుతాడు. రెండువందల ఏండ్ల క్రితం బందరులో ఒక నిఘంటుకారుడు తెలుగు మాటలను వేరుచేసి పెట్టిన కొట్లు ఈనాటికీ తెరిచే ఉన్నవి. వాటిని పిల్లలకు చూపటమే మనకు మిగిలిన పని.